యాంప్లిఫయర్ ఇచ్చేది వోల్టేజీ, వాట్లు లాక్కునేది స్పీకరు

ప్రొఫెషనల్ పవర్ యాంప్లిఫయర్ కొంటే వివరాల కాగితంలో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఓమ్‌లంటే స్పీకరు కరెంటుకి చూపే అడ్డు. ఉదాహరణకి 8 ఓమ్‌లకి చానెల్‌కి 500 వాట్లు, 4 ఓమ్‌లకి 800, 2 ఓమ్‌లకి 1,100, బ్రిడ్జ్‌లో (రెండు చానెళ్లనూ ఒకటిగా కలిపి) పెడితే 4 ఓమ్‌లకి 2,200. పెట్టె ఒకటే, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే, గోడ సాకెట్‌లోంచి వచ్చే కరెంటూ ఒకటే. మరి ఈ నాలుగు అంకెల్లో ఏది నిజం? చాలామంది ఈ ప్రశ్న అడగరు. అన్నిటికన్నా పెద్ద అంకె పట్టుకుని పనిలోకి దిగుతారు. స్పీకర్ లోపలి తీగచుట్టలు, అంటే కాయిల్స్ కాలడం, యాంప్ మాటిమాటికీ ఆగిపోవడం ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

నాలుగూ నిజమే. యాంప్ చేసే పని ఒక్కటే: మిక్సర్ నుంచి వచ్చిన చిన్న వోల్టేజీని ఇన్ని రెట్లని పెంచి స్పీకర్ తీగల మీద పెడుతుంది. ఎన్ని వాట్లు ఖర్చవుతాయో ఆ తీగల చివర ఉన్న స్పీకరు, అంటే లోడు, తేలుస్తుంది. లెక్క వేసి చూద్దాం. చాలా యాంప్‌ల గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) 32 డెసిబెల్స్, అంటే దాదాపు 40 రెట్లు. మిక్సర్ మీటరు సున్నా గీత దగ్గర ఉన్నప్పుడు చాలా ప్రొఫెషనల్ మిక్సర్ల నుంచి వచ్చేది 1.23 వోల్టులు. నలభై రెట్లు చేస్తే 49 వోల్టులు. చివర 8 ఓమ్‌ల బాక్సు ఉంటే 6 యాంపియర్ల కరెంటు పారుతుంది, 300 వాట్లు. 4 ఓమ్‌లు ఉంటే 12 యాంపియర్లు, 600 వాట్లు. 2 ఓమ్‌లు ఉంటే 24 యాంపియర్ల పైమాటే, 1,200 వాట్లు. నాబ్ ఎవరూ ముట్టుకోలేదు, పాట మారలేదు. లోడు మారింది, అంతే.

మన పట్టికలో 2 ఓమ్‌లకి 1,100 వాట్లే అని ఉంది కదా, మరి 1,200 ఎక్కడివి? ఉండవు. ఆ లోడు దగ్గర ఈ యాంప్ 49 వోల్టులు నిలబెట్టలేదు, 47 దగ్గరే చతికిలబడుతుంది. అదే యాంప్ 8 ఓమ్‌ల మీద 63 వోల్టుల దాకా వెళ్లగలదు. ఓమ్‌లు సగమైనప్పుడల్లా వాట్లు రెట్టింపు కాకుండా 500, 800, 1,100గా పెరగడానికి కారణం ఇదే. పట్టికలో కుడివైపుకి పోయేకొద్దీ పవర్ సప్లై, ట్రాన్సిస్టర్లు కరెంటు అందించలేక ఆయాసపడుతున్నాయని అర్థం. అందుకే 2 ఓమ్‌లకి పనికొస్తుందని రాసి ఉన్నా నేను 4 ఓమ్‌ల కిందికి వెళ్లను. దక్కేది కొద్దిపాటి శబ్దం, పెరిగేది బోలెడంత వేడి.

లోడు లెక్క

స్పీకర్ బాక్సు వెనక రెండు సాకెట్లు ఉంటాయి: ఒకటి లోపలికి, ఇంకొకటి పక్క బాక్సుకి. అవి లోపల నేరుగా కలిసి ఉంటాయి, అంటే పారలల్. 8 ఓమ్‌ల బాక్సులు రెండు అలా గొలుసుగా కలిపితే 4 ఓమ్‌లు, మూడు కలిపితే 2.7, నాలుగు కలిపితే 2. గొలుసు పొడవు పెరిగేకొద్దీ లోడు తేలికవుతుందని పొరబడేవాళ్లు ఉంటారు. అంకె తగ్గుతుంది, యాంప్ మీద బరువు పెరుగుతుంది. ఈ ఒక్క తిరకాసు వల్ల ఎన్ని యాంప్‌లు పోయాయో!

బాక్సు మీద రాసిన అంకెను నమ్మే ముందు మల్టీమీటరుతో ఒకసారి చూడటం మంచిది. 8 ఓమ్‌ల బాక్సుకి మీటరు 6 దరిదాపుల్లో చూపిస్తుంది. మొదటిసారి అది చూసి నేను బాక్సు పాడైందనే అనుకున్నాను. మీటరు కొలిచేది కాయిల్ తీగ రెసిస్టెన్స్ మాత్రమే. పాట నడుస్తున్నప్పుడు ఎదురయ్యే ఇంపెడెన్స్ వేరు, అది ఫ్రీక్వెన్సీని బట్టి కొన్నిచోట్ల రెండు మూడు రెట్లు పెరుగుతుంది, కొన్నిచోట్ల 6 దాకా దిగుతుంది. 8 అనేది పేరుకి పెట్టుకున్న అంకె. మీటరు 6 అంటే 8 అనుకోండి, 3 అంటే 4 అనుకోండి. సున్నా దగ్గర ఊగిసలాడితే షార్టు, ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. మరమ్మతుకి వెళ్లొచ్చిన స్పీకరులో 8కి బదులు 4 ఓమ్‌ల కాయిల్ చుట్టి పంపిన సందర్భాలూ ఉంటాయి, పైన లేబులు మాత్రం పాతదే. ఇంకో సంగతి: బాక్సు లోపల పాసివ్ క్రాసోవర్ (బేస్‌ని, హై ఫ్రీక్వెన్సీలని విడదీసి పంపే సర్క్యూట్) ఉంటే మీటరుకి సాధారణంగా కనిపించేది బేస్ వినిపించే ఊఫరు ఒక్కటే. హై ఫ్రీక్వెన్సీలు వినిపించే హార్న్ ముందు కెపాసిటర్ అడ్డుంటుంది కాబట్టి అది చచ్చిపోయినా మీటరు చెప్పదు. చెవి పెట్టి వినాల్సిందే.

బ్రిడ్జ్ మోడ్

రెండు చానెళ్లను ఒకటిగా చేసి వాడుకోవడమే బ్రిడ్జ్. ఒక చానెల్ పైకి లాగుతుంటే రెండోది అదే సిగ్నల్‌ని తిరగేసి కిందికి లాగుతుంది. స్పీకరు ఆ రెండిటి ప్లస్‌ల మధ్య వేలాడుతుంది. వోల్టేజీ రెట్టింపవుతుంది కాబట్టి కాగితం మీద వాట్లు నాలుగు రెట్లు కావాలి. అసలు మెలిక ఇక్కడుంది: ఒక్కో చానెల్‌కి ఆ స్పీకరు సగం ఓమ్‌లుగానే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల బాక్సుని బ్రిడ్జ్‌లో పెట్టడమంటే రెండు చానెళ్లకీ చెరో 2 ఓమ్‌లు తగిలించినట్టే. పట్టిక మళ్లీ చూడండి. బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌లకి 2,200 అన్నది 2 ఓమ్‌ల 1,100కి సరిగ్గా రెట్టింపు. కొత్త బలం ఎక్కడినుంచీ రాలేదు. స్టీరియోలో కనిష్ఠం 4 ఓమ్‌లని ఉన్న యాంప్‌కి బ్రిడ్జ్‌లో కనిష్ఠం 8 ఓమ్‌లు.

బ్రిడ్జ్‌లో మైనస్ అంటూ ఉండదు. రెండు తీగలూ ప్రాణమున్నవే. ఒకదాన్ని ఎర్త్‌కి తగిలించడం, ఎర్త్‌తో కలిసిన పరికరంతో కొలవడం, రాక్ ఇనుముకి తాకనివ్వడం ఏవీ కుదరవు. స్పీకర్ కేబుళ్లకి వాడే స్పీకాన్ కనెక్టరులో బ్రిడ్జ్‌కి చాలావరకు 1 ప్లస్, 2 ప్లస్ పిన్నులు వాడతారు గానీ, వెనక బొమ్మ చూడకుండా తగిలించకండి, కంపెనీని బట్టి మారుతుంది. మోడ్ స్విచ్‌ని యాంప్ ఆఫ్‌లో ఉండగానే మార్చాలి. ఆ పక్కనే పారలల్ అని ఇంకో స్థానం ఉంటుంది, అది రెండు ఇన్‌పుట్‌లనూ లోపల కలిపేస్తుంది. అలా పెట్టి మిక్సర్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తెచ్చి గుచ్చితే మిక్సర్ అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. పారలల్‌లో ఒక్క కేబులే.

స్పీకర్ తీగే కదా, కొడుతుందా?

కొడుతుంది. మన యాంప్ బ్రిడ్జ్‌లో 8 ఓమ్‌లకి 1,600 వాట్లు ఇస్తుంటే ఆ తీగల మధ్య 113 వోల్టులు ఉంటాయి. కొన్ని దేశాల్లో ఇళ్లకు వచ్చే కరెంటు వోల్టేజీ ఇంతే. పైగా ఈ వైపు షాక్ తగిలితే గోడలో ఉన్న 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ట్రిప్ కాదు. మధ్యలో యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అడ్డుగోడలా ఉండటంతో దానికి ఈ సంగతే తెలియదు. పాట నడుస్తుండగా బైండింగ్ పోస్టు మరలు బిగించడం, ఒలిచిన తీగ చివర్లు వేళ్లతో సర్దడం మానుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

న్యూట్రిక్ కంపెనీ 1987లో తెచ్చిన స్పీకాన్ కనెక్టరు ఇందుకే నిలిచింది. లోహపు భాగాలు వేలికి అందవు, తిప్పితే తాళం పడుతుంది. పాత జాక్ పిన్నుకి ఈ రెండు గుణాలూ లేవు. సాకెట్‌లోకి తోసేటప్పుడు, లాగేటప్పుడు కొన మీది లోహం, వెనక మొదలు క్షణంపాటు కలిసి షార్టు కావచ్చు. యాంప్ ఆన్‌లో ఉంటే ఆ క్షణం చాలు.

కేబులు లావు గురించి వాదనలు అక్కర్లేదు, లెక్క ఉంది. 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశామనుకోండి. రానుపోను 60 మీటర్లు, రెసిస్టెన్స్ 0.4 ఓమ్‌లు. 8 ఓమ్‌ల బాక్సుకి 100 వాట్లు అందాల్సిన చోట 90 అందుతాయి. 4 ఓమ్‌లకైతే 82, 2 ఓమ్‌లకైతే 69. అదే దూరానికి 1 చదరపు మిల్లీమీటరు తీగ వాడితే 4 ఓమ్‌ల దగ్గరే 63కి పడిపోతుంది. యాంప్‌ని స్పీకర్ల దగ్గర పెట్టి, సిగ్నల్ కేబుల్‌ని పొడుగ్గా లాగడం మేలు అనేది ఇందుకే. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా అని గిటార్ కేబుల్‌ని స్పీకర్‌కి వాడొద్దు. అందులో లోపలి తీగ వెంట్రుకంత ఉంటుంది, వేడెక్కి కరుగుతుంది.

నాబ్ చెప్పే అబద్ధం

యాంప్ ముందున్న నాబ్ సగంలో ఉంటే సగం పవరే బయటికి వస్తుందని గట్టి నమ్మకం ఒకటి ఉంది. ఆ నాబ్ సిగ్నల్ లోపలికి వచ్చే దారిలో ఉన్న కుళాయి. పూర్తిగా తిప్పితే అడ్డేమీ లేనట్టు, సగంలో పెడితే వచ్చే సిగ్నల్‌ని కొంత తగ్గించినట్టు. మిక్సర్ నుంచి సిగ్నల్ ఇంకాస్త పెంచితే సగం నాబ్‌లోనూ యాంప్ నిండు పవర్ ఇస్తుంది. కాబట్టి నాబ్ స్పీకర్లకి రక్షణ కాదు.

దాన్ని ఎక్కడ పెట్టాలి? పాట పెట్టి మిక్సర్ మీటరుని మొదట సున్నా దగ్గరికి తీసుకురండి, యాంప్ నాబ్ కిందే ఉంచి. తర్వాత కావలసినంత శబ్దం వచ్చేదాకా నాబ్ పెంచండి. అక్కడ ఆపేయండి. మిక్సర్ హాయిగా పనిచేస్తుంది, యాంప్ బుస కొట్టదు. నాబ్ నిండా తిప్పి మిక్సర్‌ని అడుగున నడిపితే పాట మధ్య నిశ్శబ్దంలో స్పీకర్లలోంచి సన్నటి హిస్ వినిపిస్తూనే ఉంటుంది.

క్లిప్ లైటు

యాంప్ ఇవ్వగలిగిన వోల్టేజీకి పైకప్పు ఉంటుంది. సిగ్నల్ దాన్ని దాటితే శిఖరాలు కోసేసినట్టు చదునవుతాయి, క్లిప్ లైటు వెలుగుతుంది. చిన్న యాంప్‌తో పెద్ద స్పీకర్లు కాల్చవచ్చన్న మాట వినే ఉంటారు. నిజమే, కానీ దానికి చెప్పే కారణం తరచూ తప్పు. చదునైన వేవ్‌లో ఏదో విషం ఉన్నట్టు మాట్లాడతారు. విషమేమీ లేదు, ఉన్నదంతా వేడే.

సంగీతంలో శిఖరానికీ సగటుకీ తేడా చాలా ఎక్కువ. డ్రమ్ము మీద కర్ర పడిన క్షణం ఆకాశంలో ఉంటే, మిగతా పాట నేల మీద ఉంటుంది. ఆ తేడా 12 డెసిబెల్స్ అనుకుంటే, 500 వాట్ల యాంప్ క్లిప్ అంచున నడుస్తున్నప్పుడు స్పీకర్‌కి సగటున చేరేది దాదాపు 63 వాట్లు, అంటే ఎనిమిదో వంతు. యాంప్‌ల మీద కరెంటు వాడకాన్ని చాలా కంపెనీలు ఎనిమిదో వంతు పవర్ దగ్గర కొలిచి రాసేది ఇందుకే. ఇప్పుడు శబ్దం చాల్లేదని ఇంకో 6 డెసిబెల్స్ పెంచారు. శిఖరాలు పైకప్పుకి తగిలి ఆగిపోయాయి, అవి పెరగవు. కిందున్నదంతా మాత్రం పైకి లేచింది, సగటు 200 వాట్లు దాటింది. చెవికి పెద్ద తేడా తెలియదు, కాయిల్‌కి మాత్రం మూడు రెట్ల పైగా వేడి. శిఖరాలు ఎక్కువగా బేస్‌వి కాబట్టి కోత పడేది వాటికి. హై ఫ్రీక్వెన్సీలు చాలావరకు కోత పడకుండా నాలుగు రెట్లై హార్న్ మీదికి పోతాయి, కోత వల్ల పుట్టిన హార్మోనిక్స్ (అదనపు పై ఫ్రీక్వెన్సీలు) వాటికి తోడు. వెంట్రుకంత సన్నటి తీగ చుట్టిన డయాఫ్రమ్ ముందు పోయేది అందుకే.

డ్రమ్ము దెబ్బకి లైటు అప్పుడప్పుడు మిణుక్కుమంటే కంగారు పడక్కర్లేదు. వెలిగి ఆరకపోతే తగ్గించాల్సిందే. పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఎర్ర లైటు మీద నడిపి గెలుచుకునేది పెద్దగా లేదు.

యాంప్ ఎంత పెద్దది కొనాలి? స్పీకర్ మీద మూడు అంకెలు ఉంటాయి, 300/600/1,200 లాంటివి. మొదటిది నిరంతరంగా తట్టుకునేది, రెండోది సంగీతానికి, మూడోది కన్నుమూసి తెరిచేంతసేపటికి. మొదటి అంకెకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లున్న యాంప్ సరిపోతుంది. అంతకు మించితే సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తప్పనిసరి. పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న) బేస్ బాక్సులకి ఇంకోటి: వాటి ట్యూనింగ్ కిందున్న ఫ్రీక్వెన్సీల్లో కోన్‌ని పట్టి ఆపే గాలి ఒత్తిడి ఉండదు, అది విచ్చలవిడిగా ఊగుతుంది. 35, 40 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (దాని కిందివాటిని ఆపేది) వేస్తే వాట్లు మిగులుతాయి, కోనూ బతుకుతుంది.

కరెంటు వైపు

తాత్కాలికంగా లాగిన లైను ఉన్న చోటైతే ప్లగ్గు పెట్టకముందే మీటరు పెట్టండి. త్రీఫేజ్‌లో న్యూట్రల్ ఊడితే, 230 వోల్టుల సరఫరాలో ఒక్కో సాకెట్‌కి వచ్చేది లోడుల వాటాను బట్టి మారుతుంది, 400 దగ్గరి దాకా పోవచ్చు. యాంప్ ఏదైనా అది తట్టుకోదు. లైనుకీ న్యూట్రల్‌కీ మధ్య, లైనుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు ఒకే అంకె రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకి మించి కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

హమ్ వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. ఎర్త్ లేని యాంప్ లోపల ఒక తీగ ఊడి డబ్బాకి తగిలితే, డబ్బాకే కాక మిక్సర్‌కీ, దాని కేబులు గుండా మైకుకీ కరెంటు చేరుతుంది. పాడేవాళ్ల పెదవులు ఉండేది ఆ మైకు దగ్గరే. హమ్‌కి అసలు కారణం మిక్సర్, యాంప్ వేర్వేరు సాకెట్ల ఎర్త్‌లకి కలిసి, సిగ్నల్ కేబులు షీల్డు ద్వారా ఒక వలయం ఏర్పడటం. రెండిటికీ ఒకే చోటినుంచి కరెంటు ఇవ్వండి, బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు వాడండి, అప్పటికీ పోకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. షీల్డుని యాంప్ వైపు మాత్రమే విడదీయడం కూడా పనిచేస్తుంది. ముట్టుకోవాల్సింది సిగ్నల్ వైపే, మెయిన్స్ ఎర్త్‌ని కాదు.

చుట్టలా ఉన్న ఎక్స్‌టెన్షన్ రీలుని పూర్తిగా విప్పి వాడండి, లేకపోతే చుట్ట లోపల వేడి పేరుకుంటుంది. పెద్ద యాంప్‌లని ఒకేసారి ఆన్ చేయొద్దు. ట్రాన్స్‌ఫార్మరూ ఖాళీ కెపాసిటర్లూ మొదటి క్షణంలో గబుక్కున మింగే కరెంటుకే బ్రేకర్ పడిపోవచ్చు. ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగుతూ వేయండి. ఫ్యూజు పోతే అదే విలువది వేయాలి. రెండోసారీ పోతే తప్పు ఫ్యూజుది కాదు.

రాక్‌లో అన్ని యాంప్‌ల ఫ్యాన్లూ ఒకే దిక్కుకి ఊదాలి. ఒకటి ముందుకీ ఇంకొకటి వెనక్కీ ఊదితే ఒకదాని వేడిగాలి రెండోది పీల్చుకుంటుంది. బరువైన వాటికి ముందు మరలు చాలవు, వెనక కూడా ఆనిక ఇవ్వాలి.

ప్రొటెక్ట్ లైటు వెలిగితే

తేడా పసిగట్టి యాంప్ తనంతట తానే ఆగిందని చెప్పే లైటు ఇది. పదేపదే ఆఫ్, ఆన్ చేయడం మందు కాదు. యాంప్ ఆపి స్పీకర్ కేబుళ్లన్నీ తీసి మళ్లీ ఆన్ చేయండి. లైటు ఆరిపోతే తప్పు బయట ఉంది. మళ్లీ ఆపి ఒక కేబులు పెట్టండి, చూడండి, ఆపండి, రెండోది పెట్టండి. ఇలా చేస్తే దొంగ దొరుకుతాడు: నలిగిన కేబులో, కనెక్టరులో విడిపోయి పక్కదానికి తగిలిన సన్నటి తీగపోగో. చల్లారాక దానంతటదే ఆరితే వేడి సమస్య, గాలి దారులు చూడండి. ఏమీ తగిలించకపోయినా లైటు వెలుగుతూనే ఉంటే లోపం లోపలే. దాన్ని ఏదో ఒకలా దాటించి స్పీకర్‌కి కలిపారంటే అవుట్‌పుట్‌లో చేరిన డీసీ (ఒకే దిక్కుకి పారే కరెంటు) కాయిల్‌ని నిమిషాల్లో కాల్చేయగలదు.

చెవుల సంగతి కూడా ఒక ముక్క. అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి పెట్టిన గరిష్ఠం 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్. ఆపరేటరు ఆ పక్కనే గంటలు గంటలు ఉంటాడు కాబట్టి ఇయర్‌ప్లగ్గులు ముందు అతనికే కావాలి.

ఆన్ చేసేటప్పుడు మిక్సర్, ప్రాసెసర్ ముందు, యాంప్ అందరికంటే ఆఖరున, నాబ్‌లు కిందికి ఉంచి. ఆపేటప్పుడు యాంప్ అందరికంటే ముందు. ఈ వరస తప్పితే మిక్సర్ ఆగేటప్పుడు పుట్టే "ధప్" అనే దెబ్బను యాంప్ నలభై రెట్లు చేసి కోన్ల మీదికి పంపుతుంది. కొన్ని పాత యాంప్‌లలో స్విచ్ ఆపాక కూడా పాట రెండు మూడు సెకన్లు నడిచి, గరగరమని వంకర్లు పోయి ఆగుతుంది. ఆ కాసేపు పాట పాడించింది కెపాసిటర్లలో మిగిలిన చార్జి. పాట ఆగాక కూడా వాటిలో కొంత ఉండిపోతుంది, ప్లగ్గు పీకినా సరే. మూత విప్పే పని టెక్నీషియన్‌కి వదిలేయండి.